పాండురోగ పరిశోధకుడు యల్లాప్రగడ సుబ్బారావు

కాకినాడ జిల్లాలోని అన్నవరంలో పంపానది ఒడ్డున రత్నగిరి అనే కొండ ఉంది. సుమారు 300 అడుగుల ఎత్తున్న ఆ కొండమీద 1891లో వీరవేంకట సత్యనారాయణస్వామి వెలసినట్లు భక్తుల విశ్వాసం. పైకి వాహనాలు వెళ్ళే దారి ఉన్నప్పటికీ మొక్కుకున్నవారు నేటికీ మెట్లదారినే ఎక్కుతారు. పెళ్ళయిన కొత్తలో దంపతులు వచ్చి పీటలమీద కూర్చుని వ్రతం చేసుకోవడం గోదావరి సీమలో చాలా ఇళ్ళలో ఆనవాయితీ. ఆ మెట్లదారిలో ఒక దృశ్యం తరచు కంటబడుతుంది. అరవై ఏళ్ళ ముత్తైదువ ఆగకుండా ఎక్కిపోతూ ఉంటుంది. ఇరవై ఏళ్ళ నవవధువు పది మెట్లకొకసారి నిలిచి, ఆయాసంతో గుండెమీద చేయి వేసుకుంటుంది. పసుపు రాసిన పాదాల క్రింద, గోరింట పెట్టిన గోళ్ళ వెనుక, కనురెప్పల లోపల రంగు తగ్గి ఉన్న సంగతి ఎవరూ గమనించరు. ఎండదెబ్బ అనో, ఉపవాసం అనో సరిపెట్టుకుంటారు.

ఆ స్థితికి మన పూర్వులు పాండురోగం అని పేరు పెట్టారు. పాండువు అంటే తెల్లబారిన లేత పసుపు రంగు. వ్యాసమహర్షి రూపాన్ని చూసి భయంతో అంబాలిక తెల్లబోయింది కనుకనే ఆమె కుమారుడు పాండురాజు అయ్యాడని మహాభారత కథ. ఆ కథను నన్నయ భట్టారకుడు తెలుగు చేసింది రాజమహేంద్రవరంలో. చరకసంహితలో పాండురోగ చికిత్సకు ప్రత్యేకంగా ఒక అధ్యాయమే ఉంది. ఇనుమును కాచి శుద్ధి చేసేటప్పుడు మిగిలే చిట్టెంతో చేసిన మండూర భస్మాన్ని వైద్యులు ఆ రోగులకు ఇచ్చేవారు. ఇనుముకూ నెత్తురుకూ సంబంధం ఏమిటో రసాయనశాస్త్రం చెప్పడానికి ఎన్నో శతాబ్దాల ముందే అనుభవం ఆ సంబంధాన్ని పసిగట్టింది. అయితే అనుభవం ఒక్క విషయాన్ని మాత్రం చెప్పలేకపోయింది. అదే భస్మం సేవించిన ఇద్దరు రోగులలో ఒకరు లేచి తిరుగుతుండగా రెండవవారు నానాటికీ కృశించిపోవడం ఎందుకు? ఈ ప్రశ్నకు సమాధానం వెదికినవారిలో అగ్రగణ్యుడైన ఒక శాస్త్రవేత్త గోదావరి నీళ్ళు త్రాగి పెరిగినవారే. ఆయన యల్లాప్రగడ సుబ్బారావు.

సుబ్బారావు 1895 జనవరి 12న భీమవరంలో జన్మించారు. తండ్రి జగన్నాథం రెవిన్యూ శాఖలో చిన్న ఉద్యోగి. అనారోగ్యం వల్ల ముందుగానే ఉద్యోగం విడువవలసి వచ్చింది. తల్లి వెంకమ్మ. ఏడుగురు సంతానంలో సుబ్బారావు నాలుగవవారు. సంసారం ఆమె భుజాలమీదనే నడిచింది. బాల్యం రాజమహేంద్రవరంలో గడిచింది. చదువుమీద ఆయనకు తొలినాళ్ళలో శ్రద్ధ తక్కువ. తీర్థయాత్రకు వచ్చేవారికి అరటిపండ్లు అమ్మితే బోలెడు డబ్బు చేతికి వస్తుందని లెక్క కట్టి, కాశీకి పోవాలని ఇల్లు విడిచి బయలుదేరిన బాలుడాయన. నేడు రత్నగిరి పాదంలో వ్రతానికి అరటిపండ్లు అమ్మేవారిని చూస్తే ఆ లెక్కలో తప్పేమీ లేదనిపిస్తుంది. తల్లి మాత్రం దానిని అంగీకరించలేదు. కొడుకును వెనక్కి రప్పించి మళ్ళీ బడిలో కూర్చోబెట్టింది. మెట్రిక్యులేషన్ పరీక్షలో రెండుసార్లు తప్పి, మూడవసారి మద్రాసు హిందూ హైస్కూలు నుండి ఉత్తీర్ణులయ్యారు. ఆ చదువుకోసం వెంకమ్మ తన నగలు అమ్ముకున్నది.

ప్రెసిడెన్సీ కళాశాలలో ఇంటర్మీడియట్ పూర్తయ్యేనాటికి ఆయన మనస్సు వైరాగ్యం వైపు మళ్ళింది. రామకృష్ణ మఠంలో చేరి సన్యసించాలని కోరుకున్నారు. తల్లి అనుమతి లభించలేదు. ప్రజలకు సేవ చేయడమే కోరిక అయితే వైద్యం చదివి కూడా చేయవచ్చునని అందరూ నచ్చజెప్పగా మద్రాసు వైద్యకళాశాలలో చేరారు. 1919లో కస్తూరి సూర్యనారాయణమూర్తి కుమార్తె శేషగిరితో వివాహం జరిగింది. వైద్యవిద్య ఖర్చులో మామగారి సహాయం కొంత ఉంది. అవి గాంధీజీ విదేశీ వస్త్ర బహిష్కారానికి పిలుపునిచ్చిన రోజులు. సుబ్బారావు శస్త్రచికిత్సా తరగతికి ఖద్దరు దుస్తులు ధరించి వెళ్ళారు. ఆంగ్లేయుడైన ఆచార్యునికి అది రుచించలేదు. వ్రాత పరీక్షలు చక్కగా వ్రాసినప్పటికీ ఆయనకు ఎం.బి.బి.ఎస్. పట్టా రాలేదు. దానికంటే తక్కువదైన ఎల్.ఎం.ఎస్. పట్టాతో సరిపెట్టుకోవలసి వచ్చింది. దానితో మద్రాసు ప్రభుత్వ వైద్యశాఖలో ఉద్యోగం కూడా దొరకలేదు.

పరీక్షలో ఎదురైన అన్యాయం పెద్దదే. దానికంటే పెద్ద దెబ్బ ఆయన ఇంట్లోనే తగిలింది. అన్న పురుషోత్తం, తమ్ముడు కృష్ణమూర్తి ఎనిమిది రోజుల వ్యవధిలో ఒకరి వెంట ఒకరు మరణించారు. ఇద్దరినీ పొట్టనపెట్టుకున్నది స్ప్రూ అనే ఉష్ణమండల వ్యాధి. ఆయుర్వేదం గ్రహణి అని వర్ణించిన లక్షణాలకు ఇది దగ్గరగా ఉంటుంది. ఈ వ్యాధిలో చిన్నప్రేగు లోపలి పొర చెడిపోతుంది. తిన్న అన్నంలోని సారం ఒంటబట్టదు. ఎడతెగని విరేచనాలు, నాలుక పూత, నీరసం, క్రమంగా చిక్కిపోవడం, వీటన్నిటితోపాటు రక్తం పాలిపోవడం దీని చిహ్నాలు. పళ్ళెం నిండా అన్నం ఉండి కూడా మనిషి ఆకలితో చనిపోయినట్లే. వైద్యం చదువుతున్న కొడుకు ఉన్న ఇంట్లో ఇద్దరు కొడుకులు ఇలా పోతే ఆ చదువుకు అర్థమేమిటన్న ప్రశ్న ఏ తల్లికైనా కలుగుతుంది. ఆనాటి వైద్యగ్రంథాలలో ఆ వ్యాధికి తగిన మందు లేదు. కారణం తెలియనిదే మందు ఎక్కడినుండి వస్తుంది?

కొంతకాలానికి అదే వ్యాధి సుబ్బారావునూ పట్టుకున్నది. ఆయనను కాపాడినవారు ఆచంట లక్ష్మీపతి. పాశ్చాత్య వైద్యం చదివి ఆయుర్వేదాన్ని చేపట్టిన పండితుడాయన. ఆయన చేసిన ఆయుర్వేద చికిత్సతో సుబ్బారావు కోలుకున్నారు. తరువాత లక్ష్మీపతి నడిపిన ఆయుర్వేద కళాశాలలోనే శరీరనిర్మాణశాస్త్రం బోధించే ఉపన్యాసకుడయ్యారు. తనను బ్రతికించిన ఔషధంలో పనిచేసిన అంశం ఏది, అన్నదమ్ములను ఏది కాపాడగలిగి ఉండేది అనే జిజ్ఞాస ఆయనను మరి విడువలేదు. మూలికలలోని గుణాన్ని గుర్తించి వేరుచేసి కొలిచి చూపడానికి రసాయనశాస్త్రం కావాలి. అందుకు తగిన ప్రయోగశాలలు ఆనాడు మన దేశంలో లేవు. హార్వర్డ్ విశ్వవిద్యాలయంలోని ఉష్ణమండల వైద్యపాఠశాలలో చేరాలని నిశ్చయించుకున్నారు.

ప్రయాణానికి కాకినాడలోని మల్లాడి సత్యలింగం నాయకర్ ధర్మసంస్థ కొంత తోడ్పడింది. మామగారు కొంత సమకూర్చారు. 1920ల తొలి సంవత్సరాలలో ఆయన బోస్టన్ నగరంలో అడుగుపెట్టేనాటికి చేతిలో ఉన్నది స్వల్పమే. భార్య శేషగిరి ఇక్కడే ఉండిపోయింది. ఆ తరువాత పుట్టిన కుమారుడు శైశవంలోనే మరణించాడు. తండ్రి ఆ బిడ్డ ముఖం చూడలేదు. భార్యాభర్తలు మళ్ళీ కలుసుకోనూ లేదు. సుబ్బారావు జీవితాన్ని కీర్తించేవారు ఈ విషయాన్ని ఒక వాక్యంలో దాటిపోతుంటారు. ఆ కీర్తిలో శేషగిరి చెల్లించిన పాలు తక్కువది కాదు.

ఎల్.ఎం.ఎస్. పట్టాతో అమెరికాలో వైద్యం చేసే అర్హత లేదు. పగలు చదువు, రాత్రి బోస్టన్‌లోని పీటర్ బెంట్ బ్రిగామ్ ఆసుపత్రిలో కొలువు. రోగుల మలమూత్రాల పాత్రలు ఎత్తి కడగడం ఆ కొలువులో పని. 1924లో ఉష్ణమండల వైద్యంలో డిప్లొమా పొందారు. అనంతరం జీవరసాయనశాస్త్ర విభాగంలో సైరస్ ఫిస్కేతో కలిసి పనిచేశారు. రక్తంలోను, మూత్రంలోను ఉన్న భాస్వరాన్ని రంగు గాఢతనుబట్టి కొలిచే పద్ధతిని వారిద్దరూ 1925లో ప్రకటించారు. ఫిస్కే-సుబ్బారావు పద్ధతిగా అది నేటికీ ప్రసిద్ధం. 1927లో కండరాలలోని ఫాస్ఫోక్రియాటిన్‌ను, 1929లో ఏ.టి.పి. అనే పదార్థాన్ని కనుగొన్నారు. ఏ.టి.పి.ని అదే ఏడాది జర్మనీలో కార్ల్ లోమన్ కూడా స్వతంత్రంగా గుర్తించారు. జీవకణాలలో శక్తిని అందించే నాణెం ఇదేనని నేటి జీవశాస్త్ర విద్యార్థులందరికీ తెలుసు. 1930లో సుబ్బారావుకు డాక్టరేట్ లభించింది.

ఇంత సాధించిన శాస్త్రవేత్త ఇతర దారులు ఎంచుకొని ఉండవచ్చు. కాని ఆయన మనస్సు మళ్ళీ పాలిపోయిన నెత్తురు దగ్గరకే వచ్చింది. దానికి తగిన సందర్భం కూడా బోస్టన్‌లోనే ఏర్పడింది. పెర్నీషియస్ అనీమియా అనే ప్రాణాంతకమైన రక్తహీనత ఒకటుంది. అంతవరకు అది సోకినవారు బ్రతికేది అరుదు. 1926లో జార్జి మైనాట్, విలియం మర్ఫీ అనే వైద్యులు 45 మంది రోగులకు ప్రతిదినం కాలేయాన్ని ఆహారంగా పెట్టి వారిని కోలుకునేట్లు చేశారు. ఆ పని జరిగింది పీటర్ బెంట్ బ్రిగామ్ ఆసుపత్రిలోనే. అంతకు కొద్దికాలం ముందు సుబ్బారావు రాత్రివేళ పాత్రలు కడిగిన ఆసుపత్రి అదే. ఆ వైద్యులకు 1934లో జార్జి విపుల్‌తో కలిపి నోబెల్ బహుమతి లభించింది. అయితే కాలేయంలో రోగాన్ని నయంచేసే అంశం ఏదో వారికీ తెలియదు. రోజుకు పావుకిలో వరకు కాలేయాన్ని జీవితాంతం తినడం ఎంత కష్టమో రోగులకే తెలియాలి. ఆ అంశాన్ని వేరుచేసే పనికి సుబ్బారావు హార్వర్డ్‌లో ఉండగానే పూనుకున్నారు.

ఇక్కడ రక్తహీనతల భేదాన్ని కొంత వివరంగా తెలుసుకోవాలి. సుబ్బారావు కృషి విలువ ఆ భేదంలోనే ఉంది. రక్తానికి ఎరుపునిచ్చేది హిమోగ్లోబిన్. దాని నడుమ ఇనుము ఉంటుంది. ఊపిరితిత్తులలోని ప్రాణవాయువును పట్టుకొని అవయవాలకు చేర్చేది ఆ ఇనుమే. పెద్దవారి శరీరం మొత్తంలో ఉండే ఇనుము మూడు, నాలుగు గ్రాములు మాత్రమే. ఒక చిన్న మేకు బరువు. అందులో అధికభాగం రక్తంలోనే ఉంటుంది. నెలసరిలో రక్తం ఎక్కువగా పోవడం, వెంటవెంటనే కాన్పులు, చెప్పులు లేని కాళ్ళతో తడినేలలో నడిచినవారి ప్రేగులలో చేరే కొంకిపురుగులు, ఆకుకూరలకు, మాంసానికి చోటులేని తిండి, ఇవి ఆ కొద్దిపాటి నిల్వను కరిగిస్తాయి. అప్పుడు ఎర్రకణాలు చిన్నవై, లోపల రంగు తగ్గి, వెలిసిపోయినట్లు కనిపిస్తాయి. ఇది ఇనుము లోపించిన రక్తహీనత. లోకంలో అన్నిటికంటే విస్తారంగా ఉన్నది ఇదే.

మరొక జాతి రక్తహీనతలో ఇనుము ఉంటుంది. కొత్త కణాలు తయారవడానికి కావలసిన వేరొక పదార్థం ఉండదు. అప్పుడు కణాలు సరిగా విభజన చెందక, సంఖ్య తగ్గి, మామూలుకంటే పెద్దవిగా ఉండిపోతాయి. మనిషి ముఖం చూస్తే రెండూ ఒకటే పాలిపోవడం, ఒకటే ఆయాసం. సూక్ష్మదర్శిని క్రింద చూస్తే పూర్తిగా విరుద్ధం. మొదటివారికి లోహభస్మం అమృతం. రెండవవారికి అది ఎంత పోసినా ప్రయోజనం లేదు. ఇటుకలు రాశిగా పడి ఉండి తాపీ మేస్త్రి రానప్పుడు గోడ లేవనట్లే. పాతకాలపు వైద్యులకు అంతుబట్టని తేడా ఇదే. స్ప్రూ వ్యాధిలో ప్రేగు ఏ పోషకాన్ని పీల్చుకోలేకపోతే ఆ లోపం ఏర్పడుతుంది. ఎక్కువగా రెండవ రకమే. సుబ్బారావు అన్నదమ్ములకు ఇనుము ఒక్కటే ఇచ్చి ఉంటే వారు బ్రతికి ఉండేవారు కారు.

ఆ రెండవ రకానికి సంబంధించిన తొలి జాడను ఒక ఆంగ్ల మహిళ మన దేశంలోనే కనుగొన్నది. లూసీ విల్స్ అనే వైద్యురాలు 1928 నుండి బొంబాయిలో గర్భవతుల రక్తహీనతను పరిశోధించింది. బట్టల మిల్లులలో పనిచేసే పేద స్త్రీలు గర్భం దాల్చినపుడు తీవ్రంగా పాలిపోయి మరణించేవారు. ఇనుము ఇచ్చినా వారికి గుణం కనిపించలేదు. ఈస్ట్ సారమైన మార్మైట్ ఇచ్చినపుడు కోలుకున్నారు. 1931లో ఆమె ఈ విషయాన్ని ప్రకటించింది. ఈస్ట్‌లోను, కాలేయంలోను ఉన్న ఆ అజ్ఞాత పదార్థాన్ని విల్స్ కారకం అన్నారు. 1941లో అమెరికాలో శాస్త్రవేత్తలు నాలుగు టన్నుల పాలకూరనుండి ఒక ఆమ్లాన్ని సారంగా తీసి, ఆకు అనే అర్థమిచ్చే లాటిన్ మాటను బట్టి దానికి ఫోలిక్ ఆమ్లం అని పేరు పెట్టారు. టన్నులకొద్దీ పాలకూరనుండి వచ్చే పిసరంత మందు ఎందరికి సరిపోతుంది?

హార్వర్డ్‌లో సుబ్బారావుకు స్థిరమైన ఆచార్యపదవి లభించలేదు. 1940లో ఆయన న్యూయార్క్ రాష్ట్రంలోని పెర్ల్ రివర్‌లో ఉన్న లెడర్లీ ప్రయోగశాలలలో చేరి, కొద్దికాలంలోనే అక్కడి పరిశోధనలన్నిటికీ నిర్దేశకుడయ్యారు. విశ్వవిద్యాలయంలో లేని వసతి అక్కడ ఉంది. రసాయనికులు, సూక్ష్మజీవ శాస్త్రజ్ఞులు, వైద్యులు ఒకే కప్పు క్రింద పనిచేసేవారు. కాలేయం, ఈస్ట్ వంటి ముడిపదార్థాలు కావలసినంత దొరికేవి. వాటిలో ఆ అంశం ఉన్నదీ లేనిదీ తెలుసుకోవడానికి, అది లేనిదే పెరగని సూక్ష్మజీవులను పరీక్షకు వాడేవారు. ఆ బృందంలోని స్టోక్‌స్టాడ్ 1943లో ఫోలిక్ ఆమ్లాన్ని స్ఫటిక రూపంలో వేరుచేశారు. దాని నిర్మాణాన్ని తెలుసుకొని, 1945లో ప్రయోగశాలలో కృత్రిమంగా తయారు చేయడంలో బృందం సఫలమైంది. ఆ విజయాన్ని ప్రకటించిన వ్యాసంలో పదహారు మంది పేర్లున్నాయి. వాటి నడుమ సుబ్బారావు పేరు ఏడవది. పరిశోధనకు నాయకుడైనవారు తన పేరును అలా మధ్యలో ఉంచుకోవడం శాస్త్రలోకంలో అంత సాధారణం కాదు.

కృత్రిమ ఫోలిక్ ఆమ్లం చేతికి అందగానే టామ్ స్పైస్ అనే అమెరికన్ వైద్యుడు దానిని పెద్దకణాల రక్తహీనత ఉన్న రోగులకు ఇచ్చి చూశారు. క్యూబా దేశంలో స్ప్రూ వ్యాధిగ్రస్తులకూ ఇచ్చారు. మంచాన పడినవారిలో నాలుక పూత తగ్గి, ఆకలి పుట్టి, కొద్ది రోజులలోనే కొత్త ఎర్రకణాలు పుంజుకోసాగాయి. పురుషోత్తం, కృష్ణమూర్తి మరణించి అప్పటికి పాతిక సంవత్సరాలు దాటింది. వారికి ఏమి కావలసి ఉండెనో ఇప్పుడు ఒక చిన్న పసుపుపచ్చని పొడి రూపంలో తెలిసింది.

ఆ ఘట్టంతో కథ సుఖాంతమైనట్లు వ్రాయడం తేలిక. నిజం అంత సరళం కాదు. సుబ్బారావు వెదికింది పెర్నీషియస్ అనీమియాకు మందు. దొరికింది వేరొకటి. ఫోలిక్ ఆమ్లం ఇచ్చినపుడు ఆ రోగుల రక్తం మెరుగుపడిన మాట వాస్తవమే. కాని వారి నరాల బలహీనత తగ్గలేదు. కొందరిలో ఇంకా ముదిరింది. ఎర్రబడిన ముఖం చూసి వైద్యుడు సంతోషిస్తుండగా లోపల వెన్నుపాము దెబ్బతింటూనే ఉండేది. అసలు కావలసిన పదార్థం విటమిన్ బి-12. దానిని 1948లో అమెరికాలో ఫోకర్స్ బృందం, ఇంగ్లండులో లెస్టర్ స్మిత్ బృందం వేర్వేరుగా స్ఫటికీకరించాయి. అందువల్లనే నేటికీ వైద్యులు పెద్దకణాల రక్తహీనతకు ఫోలిక్ ఆమ్లం ఒక్కటే ఇచ్చి ఊరుకోరు. బి-12 లోపం లేదని ముందు నిర్ధారించుకుంటారు.

తాము కనుగొన్న మందు కొన్నిచోట్ల హాని చేస్తున్నదని తెలిసినపుడు శాస్త్రవేత్త ఏమి చేయాలి? సుబ్బారావు బృందం ఆ అణువును మార్చి మార్చి చూసింది. కణాల పెరుగుదలకు ఫోలిక్ ఆమ్లం అవసరమైతే, దానిని అడ్డగించే పదార్థం అదుపులేని పెరుగుదలను ఆపాలి కదా! బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ రక్తక్యాన్సరు సోకిన పిల్లలపై ఈ ఆలోచనను పరీక్షించారు. లెడర్లీలో తయారైన అమినోప్టెరిన్‌ను పదహారు మంది పిల్లలకు ఇవ్వగా పదిమందిలో వ్యాధి తాత్కాలికంగా వెనుకంజ వేసినట్లు 1948లో ప్రకటించారు. దాని తోబుట్టువైన మెథోట్రెక్సేట్ నేటికీ వాడుకలో ఉంది. గోదావరి, కృష్ణా తీరాలలో బోదకాలు తెలియని ఊరు లేదనదగిన రోజులలో, ఆ వ్యాధి కారక క్రిములను చంపే హెట్రజాన్ 1947లో ఈ ప్రయోగశాల నుండే వెలువడింది. బెంజమిన్ డగ్గర్ మట్టిలోని సూక్ష్మజీవి నుండి కనుగొన్న ఆరియోమైసిన్ కూడా సుబ్బారావు నిర్దేశకత్వంలో రూపొందినదే. టెట్రాసైక్లిన్ జాతి ఔషధాలలో అదే మొదటిది.

1948 ఆగస్టులో సుబ్బారావు నిద్రలోనే గుండెపోటుతో కన్నుమూశారు. అప్పటికి ఆయన వయస్సు 53 సంవత్సరాలు. భారతీయులకు అమెరికా పౌరసత్వం పొందే వీలు 1946లో కలిగినా ఆయన తీసుకోలేదు. స్వాతంత్ర్యం వచ్చిన దేశాన్ని చూడనూ లేదు. 1995లో శతజయంతి సందర్భంగా భారత ప్రభుత్వం ఆయన పేరిట తపాలా బిళ్ళ విడుదల చేసింది.

సుబ్బారావు ఇనుమును కనుగొనలేదు. అది చరకుని నాటినుండి ఉన్నదే. ఇనుము పనిచేయని చోట ఏది పనిచేస్తుందో కనుగొన్న బృందానికి ఆయన నాయకుడు. నేడు ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో గర్భవతికి ఇచ్చే మాత్రలో ఆ రెండూ కలిసి ఉన్నాయి. 60 మిల్లీగ్రాముల ఇనుము, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ ఆమ్లం. పాఠశాలలలో వారానికొకసారి బాలబాలికలకు ఇచ్చే నీలిరంగు మాత్రలోనూ ఆ పాళ్ళే. ఎందరో దానిని ఇంటికి తెచ్చి అటకమీద పెడతారు. వికారంగా ఉన్నదనీ, మలం నల్లబడిందనీ, మలబద్ధకం చేసిందనీ మానివేస్తారు. మలం నల్లబడడం ఇనుము సహజగుణం. అందులో భయపడవలసినది లేదు. వికారం కలిగితే భోజనానంతరం వేసుకోవచ్చు. టీతో కలిపి వేసుకుంటే ఇనుము ఒంటబట్టడం తగ్గుతుంది. నిమ్మరసంతో, ఉసిరితో పెరుగుతుంది. రక్తం మామూలు స్థాయికి వచ్చిన తరువాత కూడా రెండు మూడు నెలలు కొనసాగిస్తేనే ఖాళీ అయిన నిల్వలు నిండుతాయి. నెల రోజులు వాడినా గుణం కనిపించకపోతే మోతాదు రెట్టింపు చేసుకోవడం కాదు, మళ్ళీ పరీక్ష చేయించుకోవడం దారి. లోపించినది ఇనుమో, ఫోలిక్ ఆమ్లమో, బి-12 విటమినో, లేక ఎక్కడనో రక్తం కారిపోతున్నదో వైద్యుడు తేల్చాలి. కణాల పరిమాణం, ఫెరిటిన్ అనే నిల్వ ఇనుము కొలత ఆ తీర్పుకు సాయపడతాయి.

2019-21 సంవత్సరాలలో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుండి 49 ఏళ్ళ లోపు భారతీయ స్త్రీలలో నూటికి 57 మందికి రక్తహీనత ఉంది. రత్నగిరి మెట్లపై ఆయాసపడే నవవధువు వారిలో ఒకరు కావచ్చు. ప్రసాదం పొట్లం చేతబట్టుకొని కొండ దిగిన తరువాత ఆమెకు కావలసినది ఒక్క రక్తపరీక్ష.

ఇక స్ప్రూ సంగతి. సుబ్బారావు అన్నదమ్ములను తీసుకుపోయిన ఆ వ్యాధికి నేడు వైద్యులు రెండు మందులు కలిపి కొన్ని నెలలపాటు ఇస్తారు. ఒకటి ఫోలిక్ ఆమ్లం. రెండవది టెట్రాసైక్లిన్. మొదటిది 1945లోను, రెండవ దాని జాతికి మూలమైన ఆరియోమైసిన్ 1948లోను, పెర్ల్ రివర్‌లోని ఆ ఒక్క ప్రయోగశాల నుండే వెలువడ్డాయి.